పాల పాఠంలో తండ్రి

గర్భిణి ఏం తినాలి, పుట్టిన బిడ్డకు పాలెలా ఇవ్వాలి అని నేర్పే పాఠం తెలుగునాట కొత్తది కాదు. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైన తరువాత అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా అది ఊళ్లకు చేరింది. అయితే ఆ పాఠం వినడానికి కూర్చునేది గర్భిణి ఒక్కతే కాగా, ఆమె కంచంలోకి ఏది రావాలో, బిడ్డ నోట్లో మొదట ఏది పడాలో తేల్చేది భర్త, అత్త, కన్నతల్లి కావడం ఈ బోధనలో ఇప్పటికీ తీరని లోటు.

పాఠం ఎప్పుడు మొదలుకావాలన్నదీ ఆలోచించవలసిన విషయమే. ఆకుకూరల్లోనూ పప్పుల్లోనూ సహజంగా లభించే ఒక బి విటమిన్‌కు మాత్ర రూపమైన ఫోలిక్ ఆమ్లం, పిండంలో మెదడుగా, వెన్నుపాముగా ఎదిగే నాడీనాళం సరిగా మూసుకోవడానికి అవసరం. ఆ నాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే, అంటే చాలామందికి నెల తప్పిన సంగతి రూఢి కాకముందే మూసుకుపోతుంది. కాబట్టి బిడ్డ కావాలనుకున్న నాడే దంపతులిద్దరికీ ఈ మాట తెలిసి ఉండాలి. ఇనుము మాత్రల సంగతి వేరు: ఉచితంగా అందుతున్నా, మలం నల్లబడటం చూసి భయపడి మానేసేవారూ, టీతోనో కాల్షియం మాత్రతోనో కలిపి మింగి ఫలితాన్ని తగ్గించుకునేవారూ తక్కువేమీ కాదు.

ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందన్న నమ్మకం ఒకవైపు, బాలింత పథ్యం మరొకవైపు తల్లి ఆహారాన్ని కోసేస్తుంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం గర్భిణికి రోజూ అదనంగా 350 కిలో కేలరీలు, పాలిచ్చే తల్లికి తొలి ఆరునెలలూ 600 కిలో కేలరీలు కావాలి. అంటే కడుపుతో ఉన్నప్పటికంటే బాలింతగా ఉన్నప్పుడే ఆమె ఎక్కువ తినాలి. పథ్యంలో పెట్టే వెల్లుల్లి కారాన్ని తప్పుపట్టనక్కరలేదు. చెరుపంతా పథ్యం పేరుతో తీసేసే కూరగాయలు, పండ్లు, పెరుగు, కొన్ని ఇళ్లలో మంచినీళ్ల దగ్గరే ఉంది.

ఇక పాల విషయం. కాన్పైన తొలి రెండు మూడు రోజుల్లో పసుపుపచ్చగా, చిక్కగా, కొద్దికొద్దిగా వచ్చే ముర్రుపాలలో వ్యాధినిరోధక పదార్థాలు దండిగా ఉంటాయి. వాటిని పిండి పారబోసి తేనె, చక్కెర నీళ్లు, గాడిదపాలు నాకించే అలవాటు కొన్నిచోట్ల ఇంకా పోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పులు 97 శాతం ఆస్పత్రుల్లోనే జరుగుతున్నా, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37 శాతమే. అదే రాష్ట్రంలో 60 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లు కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు గాని, నడుముకు మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది కనుక, పక్కన పట్టుకునే మనిషి ఉంటే అక్కడా తొలి గంటలో పాలివ్వడం సాధ్యమే.

పాలివ్వడం దానంతట అదే వచ్చేస్తుందనుకోవడం పొరపాటు. బిడ్డ నోరు బాగా తెరుచుకుని, గడ్డం రొమ్ముకు తగులుతూ, కింది పెదవి వెలుపలికి మడతపడి, చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లని వలయంలో చాలా భాగం నోటిలోకి వెళ్లినప్పుడే పట్టు సరిగా కుదిరినట్టు. చనుమొనను మాత్రమే చప్పరిస్తే తల్లికి పుండ్లు, బిడ్డకు ఆకలి మిగులుతాయి. మంచి శిక్షకురాలు దీన్ని నోటిమాటగా వదిలేయక, బొమ్మను తల్లి చేతికిచ్చి, బిడ్డ చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండేలా పట్టించి చూపుతుంది. తండ్రికి పని ఇక్కడే దొరుకుతుంది, ఎందుకంటే పాలు చేపడానికి, అంటే రొమ్ములో ఊరిన పాలు ధారగా వెలికి రావడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను తోడ్పడాలి. నొప్పి, బెంగ, చుట్టుపక్కలవారి దెప్పుళ్లు దాన్ని అడ్డుకుంటాయి. తల్లికి వీపు వెనుక దిండు పెట్టడం, పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని త్రేన్పు రప్పించడం, ‘పాలు చాలవు, డబ్బాపాలు పట్టండి’ అనే పెద్దవారికి నెమ్మదిగా బదులు చెప్పడం ఆయన నేర్చుకోదగిన పనులే. మొదటి వారం చివరికల్లా బిడ్డ రోజుకు ఆరుసార్లైనా మూత్రం పోస్తూ, బరువు కూడా పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. ఈ లెక్క తెలిసిన తండ్రిని డబ్బాపాల వైపు లాగడం అంత సులువు కాదు. పోతపాల ప్రకటనలను 1992 నాటి చట్టం నిషేధించింది గాని, ఇంట్లో వినిపించే సలహాను ఏ చట్టమూ ఆపలేదు.

అయితే తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆచారం వల్ల, నేర్చుకున్నది అక్కరకు రావలసిన రోజుల్లోనే తండ్రి బిడ్డకు దూరంగా ఉంటాడు. అందుకే ఆయనకు చెప్పవలసినది సీమంతానికి ముందే, పుట్టింటి ప్రయాణం కాకముందే చెప్పాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు జరిగే ప్రత్యేక పరీక్షలకు భార్యను బండిమీద తీసుకువచ్చి, వరండాలో గంటలకొద్దీ ఫోను చూస్తూ కూర్చునే భర్తలను లోపలికి పిలిచి, బొమ్మను వారి చేతుల్లోనూ పెట్టడానికి కొత్త పథకమేదీ అక్కరలేదు, మరో నాలుగు కుర్చీలు వేస్తే సరిపోతుంది.