బరువు మోసినంత మాత్రాన సరిపోతుందా?

"ఫలానా వంతెన భార పరీక్షలో నెగ్గింది" అన్న వార్త చదవగానే మనం నిశ్చింతగా పేజీ తిప్పేస్తాం. ఆ నిశ్చింతకు ఎంత ఆధారం ఉందో కాస్త తరచి చూడాలి.

ముందు పరీక్ష సంగతి. మన దేశంలో ఆర్.సి.సి. కట్టడాలకు ప్రమాణ గ్రంథం ఐ.ఎస్. 456. దాని 2000 నాటి కూర్పు ప్రకారం, అనుమానం వచ్చిన భాగం మీద, దాని సొంత బరువు కాక, అది మోయవలసిన వినియోగ భారానికి 1.25 రెట్లు పెట్టి 24 గంటలు ఉంచాలి. బరువు దించాక మరో 24 గంటల్లో, దూలం తన వంపులో కనీసం 75 శాతం కోలుకోవాలి. కోలుకోకపోతే 72 గంటల తరువాత మళ్ళీ పరీక్షించవచ్చు. అప్పుడైనా 80 శాతం కోలుకోకపోతే ఆ కట్టడం పనికిరాదు. వంతెనల నియమాలు వేరైనా సూత్రం ఇదే.

ఇక్కడ కొలుస్తున్నది ఏమిటి? బలం కాదు, వంగి లేచే గుణం. దూలం ఎంత బరువుకు విరుగుతుందో ఈ పరీక్ష చెప్పదు. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు ఘనాలను 28 రోజులకు యంత్రంలో నలగగొట్టే పరీక్ష బలాన్నే కొలుస్తుంది. కాని అది నీళ్ల తొట్టిలో చక్కగా నానిన ఘనం బలం. క్యూరింగ్ సరిగా లేక ఎండకు ఎండిన స్లాబు బలం కాదు.

కొచ్చిలోని పాలారివట్టం ఫ్లైఓవరు వివాదం ఈ తేడా మీదే నడిచింది. 2016లో ప్రారంభమైన ఆ వంతెనను గర్డర్లలో పగుళ్ల కారణంగా 2019 మే నెలలో మూసివేశారు. ప్రభుత్వం పునర్నిర్మాణానికి సిద్ధపడింది. ముందు భార పరీక్ష చేయమని 2019 నవంబరులో కేరళ హైకోర్టు ఆదేశించింది. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. కొత్త గర్డర్లతో వంతెన 2021 మార్చిలో తెరుచుకుంది. తెరిచే ముందు దానికీ భార పరీక్ష చేశారు.

పరీక్షించకుండా ప్రజాధనంతో కట్టినదాన్ని కూల్చటమేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. కాని పగిలిన గర్డరు ఒక రోజు బరువు మోసినంత మాత్రాన పగులు పూడదు. అందులోంచి గాలి, తేమ లోపలికి వెళతాయి. కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. పైగా లారీలు ఒక్కసారి వచ్చి నిలబడిపోవు. ఏళ్ల తరబడి లక్షల సార్లు వచ్చి పోతుంటాయి. ఈ అలసటను 24 గంటల పరీక్ష పట్టుకోలేదు.

కాబట్టి పరీక్ష వృథా అని కాదు. ఓడిపోతే అది తీర్పు. నెగ్గితే అది ఒక సాక్ష్యం మాత్రమే. ఈ తేడాను మన పత్రికలు చెరిపేస్తున్నాయి. తెలుగులో ఇబ్బంది మరికాస్త ఎక్కువ. వస్తువును తోసేదీ బలమే, ఆ తోపుకు వస్తువు ఆగేదీ బలమే. "బల పరీక్షలో విజయం" అన్న శీర్షిక చదివి పాఠకుడు ఏమని అర్థం చేసుకోవాలి?

ఎంత బరువు పెట్టారు, ఎంత వంగింది, ఎంత కోలుకుంది, పగుళ్లను, తుప్పును విడిగా చూశారా? ఈ నాలుగూ లేని వార్త అసంపూర్ణం. ఆ వంతెన కింద రోజూ నడిచేవాళ్లకు ఇవి అడిగే హక్కు ఉంది.