గిలకలు, గిల్పాలు: యుద్ధకాలపు నవ్వుకు ఒక హద్దు

యుద్ధకాలపు హాస్యచిత్రాలను విమర్శకులు సాధారణంగా ఒకే కొలతతో కొలుస్తారు: శత్రువును అవి ఎంత ఘాటుగా వెక్కిరించాయి? ఇంగ్లీషు చిత్రకారుడు విలియం హీత్ రాబిన్సన్ (1872-1944) బొమ్మలకు ఆ కొలత చాలదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయన గీసిన యుద్ధయంత్రాలు గిలకలతో, కర్రలతో, ముడులు వేసిన తాళ్లతో నడుస్తాయి. నడిపేవారి ముఖాల్లో మాత్రం గొప్ప శాస్త్రకార్యం చేస్తున్నామన్న గాంభీర్యం. నవ్వు పుట్టేది అక్కడే. జర్మన్లయినా, ఇంగ్లీషువారయినా ఆ గాంభీర్యం ఒక్కటే. కాబట్టి ఆయన వెక్కిరించింది ఒక జాతిని కాదు, యంత్రం ఉంటే గెలుపు ఖాయమన్న నమ్మకాన్ని అని మేము భావిస్తాం.

ఇటువంటి నవ్వు మనకు కొత్త కాదు. 'పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం' అనే జాతీయమే మాటల్లో గీసిన వ్యంగ్యచిత్రం. వింత పరికరాన్ని ఎదుటి పక్షం మీద ప్రయోగించి నవ్వించిన ఘనత 'మాయాబజార్' (1957)ది. అందులోని గింబళి, గిల్పం పింగళి నాగేంద్రరావు సృష్టి. 'పుస్తకం గిస్తకం' అన్నప్పుడు రెండో మాటకు విడిగా అర్థం లేదు. అది ప్రతిధ్వని మాత్రమే. పింగళి ఆ అర్థంలేని సగాన్ని విడదీసి వస్తువుగా నిలబెట్టారు. కన్నడంలోనూ ఈ 'గి' ప్రతిధ్వని ఉంది. అందువల్ల తెలుగూ కన్నడమూ కలిసి బతికే పావగడ తాలూకా అరసికెరె వంటి ఊళ్లలో ఈ చమత్కారం ఏ భాష వైపు నుంచి చూసినా తెలుస్తుంది.

అయితే గిల్పం కౌరవపక్షాన్ని అల్లరిపాలు చేస్తుందే తప్ప ప్రాణం తీయదు. కల్పితకథకు ఆ వెసులుబాటు ఉంది. రాబిన్సన్‌కు లేదు. జర్మన్ సైనికులు సోడా సీసాల్లోంచి నవ్వించే వాయువును వదులుతున్నట్టు ఆయన ఒక బొమ్మ గీశారు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద జర్మన్ సైన్యం నిజంగానే క్లోరిన్ వదిలింది. అదే నెల 26న అక్కడ దాడికి దిగిన లాహోర్ డివిజన్‌లోని భారతీయ సైనికులూ విషవాయువుకు గురయ్యారు. ఇది తెలిశాక ఆ బొమ్మ ముందు నవ్వు సగంలో ఆగిపోతుంది. చిత్రకారుడిది దురుద్దేశం అనలేం. కాని యుద్ధాన్ని ఇంటిసామానుగా కుదించే పద్ధతిలో ఊపిరాడని మనిషికి చోటు లేదు. ఈ కళకు హద్దు అదే.

ఆయన పేరు ఇంగ్లీషులో అనవసరపు హంగులున్న యంత్రానికి విశేషణమైంది. 1943లో బ్లెచ్లీ పార్కులో జర్మన్ల లోరెంజ్ సంకేతలిపిని ఛేదించడానికి, గిలకల మీద కాగితపు టేపులు పరుగెత్తే యంత్రాన్ని తయారుచేసినప్పుడు, దానికీ 'హీత్ రాబిన్సన్' అన్న పేరే స్థిరపడింది. పరిహాసానికి పుట్టిన మాట పనిలోకి వచ్చింది. 'మాయాబజార్' నుంచి 'అసమదీయులు, తసమదీయులు' మన వ్యవహారంలోకి వచ్చిన దారి కూడా ఇదే. మాటలు ఇలా నిలుస్తాయి. ఆ బొమ్మలను తరగతిలో చూపేటప్పుడు మాత్రం, వాటిలో కనిపించని ఆ సైనికుణ్ణి కూడా గుర్తుచేయడం అధ్యాపకుల బాధ్యత.