నగరి గోడలు, అవ్వ ఆవు

‘పుంగనూరు పెయ్య ఒకదాన్ని చూసిపెట్టన్నా, ఇంట్లో పెంచుకుంటాం’ అని హైదరాబాదులో అపార్ట్‌మెంట్‌లో ఉండే మిత్రుడొకరు ఈ సోమవారం ఫోన్ చేశాడు. కోపమొచ్చింది. 2024 సంక్రాంతినాడు ప్రధాని మోదీ తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన ఫోటోలు వచ్చాక ఇలా అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మూడడుగుల ఎత్తయినా లేనంత మాత్రాన ఆవు ఆటబొమ్మా?

ఫోన్ పెట్టేశాక మనసు ఆ ఆవుకు పేరిచ్చిన పుంగనూరు నగరికి పోయింది. నగరి అంటే జమీందారుల మేడ. పాత కట్టడాల మీద నాకు మమకారం. చంద్రగిరి రాజమహల్‌ను పురావస్తు శాఖ కాపాడుతోంది. చాలా జమీందారీ మేడలకు ఆ భాగ్యం దక్కలేదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో వాటికి శిస్తు రాబడి పోయింది. రాబడి లేని గోడకు సున్నం ఎవరు కొడతారు? సుగుటూరు గంగమ్మ జాతరకు మాత్రం నగరి ఏటా జనంతో నిండుతుంది. జమీందారుల కులదేవత ఊరందరి దేవత అయింది కాబట్టి.

ఆవు సంగతీ అంతే. ఆ జమీ పేరు మోస్తున్నా, దాన్ని సాకింది రైతుల దొడ్లే. మా అవ్వ దగ్గర ఒకటుండేది. కరువు ఏడాది శెనిక్కాయ కట్టె, ఎండుగడ్డి తిని కూడా పూటకో చెంబు పాలిచ్చేది. ఆ పాల వెన్న చూసి అవ్వ మురిసిపోయేది. అవ్వ పోయాక మేమే దాన్ని సంతలో అమ్మేసి, పాలెక్కువని జెర్సీని తెచ్చుకున్నాం. ఇంటింటా అదే జరిగింది. సంకరం పెరిగి అసలు జాతి తరిగిపోయింది. నగరి గోడలు కూలుతున్నాయని ఏళ్లతరబడి రాసిన నేను, మా దొడ్డి ఖాళీ అయిందని ఒక్కసారీ రాయలేదు.

అందుకే నిన్న మిత్రుడికి నేనే ఫోన్ చేశాను. నాలుగో అంతస్తులో వద్దు తమ్ముడూ, మీ ఊళ్లో మీ నాయన దొడ్డి ఉంది కదా, అక్కడ కట్టెయ్యి అన్నాను. ఆవు ఒక్కటుంటే జాతి నిలవదు, ఎదకొచ్చినప్పుడు అసలైన పుంగనూరు ఆబోతుతోనే దాటించు అని చెప్పాను. పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడే పనిలోనే ఉంది, ముందు అక్కడికెళ్లి మాట్లాడు అన్నాను.

దొడ్డి, మేత, ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా సరే, పెంచండి. మేడ కూలితే ఫోటో అయినా మిగులుతుంది. జాతి పోతే మళ్లీ రాదు.