చేబదులు లెక్కలు

పైథాన్‌లో ఒక ఆబ్జెక్ట్‌కు అట్రిబ్యూట్ పెట్టడమంటే చుక్క, పేరు, సమానం గుర్తు. అంతే. అదే పని సీ ఎక్స్‌టెన్షన్ లోపలి నుంచి చేయబోతే ముందు పద్దులు రాయడం నేర్చుకోవాలి.

గిడో వాన్ రోసమ్ 1991లో బయటపెట్టిన పైథాన్‌కు మూల రూపమైన సీపైథాన్‌ను సీలోనే రాశారు. అందులో ప్రతి ఆబ్జెక్ట్ తనను ఎందరు పట్టుకున్నారో లెక్క మోస్తూ తిరుగుతుంది. లెక్క సున్నాకు దిగితే ఆబ్జెక్ట్ పోతుంది. పైథాన్ కోడ్‌లో ఈ రిఫరెన్స్ లెక్క ఇంటర్‌ప్రెటర్ చూసుకుంటుంది. సీలోకి దిగాక ఆ బరువు మన నెత్తిమీదే.

అట్రిబ్యూట్ పెట్టే ఫంక్షన్ పైఆబ్జెక్ట్_సెట్అట్ర్‌స్ట్రింగ్. ఆబ్జెక్ట్, పేరు, విలువ ఇస్తాం. పని జరిగితే 0 వస్తుంది, జరగకపోతే ఎక్సెప్షన్‌తో పాటు -1. ఇది మర్యాదస్తురాలు: మన చేతిలోని రిఫరెన్స్ జోలికి రాదు, కావలసినది తానే విడిగా తీసుకుంటుంది. కాబట్టి పని అయ్యాక మనది మనం పై_డెక్‌రెఫ్‌తో వదిలేయాలి. పైలిస్ట్_సెట్‌ఐటమ్ అలా కాదు, ఇచ్చిన రిఫరెన్స్‌ను కాజేస్తుంది. కాజేయడం అన్నది నా వెటకారం కాదు, పైథాన్ డాక్యుమెంటేషన్ వాడే మాటే. పైమాడ్యూల్_యాడ్‌ఆబ్జెక్ట్ మరీ చిత్రం: గెలిస్తే కాజేస్తుంది, ఓడితే మన మెడకే చుడుతుంది. ఈ తికమక పడలేకే 3.10లో పైమాడ్యూల్_యాడ్‌ఆబ్జెక్ట్‌రెఫ్ తెచ్చారు.

కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. పైలాంగ్_ఫ్రమ్‌లాంగ్ పిలుపును నేరుగా సెట్అట్ర్‌స్ట్రింగ్ బ్రాకెట్లలోనే రాసేస్తారు. ఒక్క లైనులో ముచ్చటగా ఉంటుంది. కానీ పుట్టిన అంకెకు పేరు లేదు కనుక దాన్ని వదిలే దారీ లేదు, మెమరీ కారుతుంది. అంకె పుట్టకపోతే ఇంకా చోద్యం: విలువ స్థానంలో నల్ వెళ్తుంది, నల్ ఇస్తే అట్రిబ్యూట్‌ను తీసేయమని అర్థం. పెట్టబోయి ఊడగొట్టుకున్నట్టు!

పైగా ఈ లీకు పరీక్షల్లో తేలిగ్గా దొరకదు. -5 నుంచి 256 దాకా అంకెల్ని సీపైథాన్ ముందే తయారుచేసి ఉంచుతుంది. 7 పెట్టి లక్షసార్లు తిప్పినా మెమరీ పెరగదు. లూప్‌లో ప్రతిసారీ మారే పెద్ద అంకె పెట్టి చూడండి, బండారం బయటపడుతుంది.

మన సొంత టైప్ అయితే విలువను సీ స్ట్రక్ట్‌లోనే దాచి, పైగెట్‌సెట్‌డెఫ్ పట్టిక ద్వారా అట్రిబ్యూట్‌గా చూపించవచ్చు. సెట్టర్‌లో మనకిష్టమైన తనిఖీలు పెట్టుకోవచ్చు: వయసు అడిగినచోట స్ట్రింగ్ ఇస్తే టైప్‌ఎర్రర్ విసరవచ్చు. నాకు ఈ దారే ఇష్టం. అయితే ఇక్కడ వరస తప్పకూడదు. పాత విలువను ముందు వదిలి, తర్వాత కొత్తది పెట్టడం సహజంగా తోచే పద్ధతి, కానీ తప్పు. వదిలిన క్షణంలో పాత ఆబ్జెక్ట్ డెస్ట్రక్టర్ నడవచ్చు, అది పైథాన్ కోడే కావచ్చు, ఆ కోడ్ తిరిగి ఇదే అట్రిబ్యూట్‌ను చదవచ్చు. అప్పటికి అక్కడున్న పాయింటర్ చచ్చిన ఆబ్జెక్ట్‌ది. అందుకే పాతదాన్ని పక్కన పట్టుకుని, కొత్తది పెట్టి, ఆ తర్వాతే పాతదాన్ని వదలాలి. పై_ఎక్స్‌సెట్‌రెఫ్ మాక్రో చేసేది సరిగ్గా ఈ మూడు పనులే.