చివరి సంతకం ఎవరిది?

మన ప్రబంధకవులు ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్య రాసుకునేవారు. తమ పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు అందులో చెప్పుకునేవారు. కృతి అందుకున్నవాడు ఎంత రాజైనా ఆ గద్యలో కర్త స్థానం కవిదే. టీవీలో పిల్లల కార్టూన్ ముగిశాక తెరమీద రెండు మూడు క్షణాలు మెరిసే సంస్థల చిహ్నాలను చూస్తే నాకు ఆ గద్య జ్ఞాపకం వస్తుంది.

1984లో అమెరికాలో మొదలైన ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ సీరియల్ హాస్బ్రో అనే ఆటబొమ్మల కంపెనీ సరుకును అమ్మిపెట్టడానికి పుట్టింది. కాని చివర కనిపించేవి సన్‌బో, మార్వెల్ ప్రొడక్షన్స్ చిహ్నాలు. రెండోదానిలో స్పైడర్‌మాన్ కూడా ఉంటాడు! కథ చెప్పినవారు వేరు, బొమ్మలమ్మేవారు వేరు అనుకుంటాడు ప్రేక్షకుడు. నిజానికి సన్‌బో, హాస్బ్రోకు ప్రకటనలు తయారుచేసిన గ్రిఫిన్-బకాల్ ఏజెన్సీ పెట్టిన సంస్థే. ప్రకటన రాసిన చేయే కథకుని పేర సంతకం చేసిందన్నమాట. పిల్లల కార్యక్రమాలతో సహా టీవీ ప్రకటనల మీద ఉన్న కాలపరిమితులను అమెరికా సమాచార కమిషన్ ఎత్తివేసింది కూడా ఆ 1984లోనే.

పాత్ర మరణానికి కారణం కథలోనే ఉండాలని మనం విద్యార్థులకు చెబుతాం. 1986 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ చనిపోయాడు. కారణం కథలో లేదు, గోదాములో ఉంది. పాత బొమ్మలను తప్పించి కొత్తవి దించాలి. పిల్లలు ఏడ్చారు. 1987లో సీరియల్‌లో అతన్ని మళ్ళీ బతికించారు.

2009లో హాస్బ్రో స్టూడియోస్ ఏర్పడ్డాక ఆ ముసుగూ పోయింది. 2010లో మొదలైన ‘మై లిటిల్ పోనీ’ కొత్త సీరియల్‌ నాటికి కంపెనీ తన పేరే, తన చిరునవ్వు గుర్తే పెట్టుకుంది. కృతిపతే కవి అయ్యాడు. ఇది నిజాయితీయే కదా అనే మిత్రులున్నారు. కొంత నిజమే. లారెన్ ఫౌస్ట్ ఆ సీరియల్‌ను శ్రద్ధగా, పిల్లల తెలివిని గౌరవిస్తూ తీర్చిదిద్దింది కూడా. సరుకు కోసం రాసిందంతా చెత్త అని కొట్టిపారేయడం విమర్శ కాదు.

అయితే ఈ చిహ్నాల్లో శ్రమకు చోటెక్కడ? ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మలు చాలావరకు జపాన్‌లోని తకారా కంపెనీవి. సీరియల్ బొమ్మలు గీసిన చేతులు జపాన్‌లో తోయే వారివి, దక్షిణ కొరియాలో అకోమ్ వారివి. ఆ పాత్రల్లో చాలావాటికి పేర్లూ స్వభావాలూ ఇచ్చినవాడు కామిక్స్ రచయిత బాబ్ బుడియాన్‌స్కీ. ఇటువంటి పేర్లు సన్నని అక్షరాల్లో పరుగెత్తిపోతాయి, లేదా అసలు కనిపించవు. చిహ్నం మాత్రం తెరంతా ఆక్రమించి, సంగీతంతో వస్తుంది.