రెండు తెలుపులు

శ్రీశైలం దగ్గరి సుండిపెంటలో మా అక్కవాళ్ల హాలుకు రంగులు వేయించాలి. షేడ్ కార్డు తిరగేయగా చివరికి రెండు మిగిలాయి. ఒకటి పసుపు ఛాయ ఉన్న తెలుపు, ఇంకోటి బూడిద ఛాయ ఉన్న తెలుపు. "రెండూ ఒకటే గదక్కా, యాదో ఒగటి చెప్పు" అన్నాడు పెయింటరు. బావదీ అదే మాట. అక్క మాత్రం ఒప్పుకోలేదు. నేనూ ఆమె వైపే.

సున్నం కొట్టే రోజుల్లో ఈ బెంగ లేదు. కాస్త నీలిమందు కలిపి కొడితే సరిపోయేది. తడి మీద పలచగా కనిపించిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఆరేకొద్దీ తెల్లబడేది. ఎమల్షన్ తీరు తలకిందులు. తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి, ఆరాక కాస్త ముదురుతుంది. అందుకే అక్క రెండు రంగులకూ చిన్న డబ్బాలు తెప్పించి, కిటికీ పక్క గోడ మీద, లోపలి మూలలో పెద్ద పట్టీలుగా వేయించింది. "ఆరనీ నాయనా, రేపు చెప్తా" అంది. కార్డు మీది గోరంత ముక్కను నమ్మి లాభం లేదు. నాలుగు గోడలకూ పరుచుకున్నాక ఒక గోడ వెలుగు ఇంకో గోడ మీద పడి, దాగి ఉన్న ఛాయ పైకి తేలుతుంది.

కింద పరిచినవి నల్ల కడప బండలు. అవి వెలుతురు తాగేస్తాయి. లోపలి మూలలో బూడిద ఛాయ పట్టీ మాసినట్టే కనిపించింది. కిటికీ దగ్గర కథ వేరు. వాకిట్లో ఎర్రమట్టి. ఎండ దాని మీద పడి లేచి గోడకు తగిలితే పసుపు ఛాయ మరీ ముదురుతుంది, బూడిదదే హుందాగా ఉంటుంది. ఉత్తరం గదికి చల్లని వెలుగే వస్తుందని విదేశీ పుస్తకాల్లో రాస్తారు. అది చలిదేశాల లెక్క. శ్రీశైలం 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. అక్కవాళ్ల హాలు కిటికీ అటే.

పగలు చూస్తే రెండూ సరిసమానం. తేల్చింది రాత్రే. ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చునేది దీపాలు పెట్టాకే కదా! తెల్లటి 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు వెలిగించగానే బూడిద ఛాయ నీలంగా మారి ఆసుపత్రి గోడలా తోచింది. పసుపు ఛాయ పట్టీ ముందు అక్క ముఖం కళగా ఉంది. గది రంగును మనం ఆ గదిలో ఉండే వేళకే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అక్క పసుపు ఛాయే ఖాయం చేసింది. కప్పుకు మాత్రం ఉత్త తెలుపు. మిషన్ మీద కలిపినా డబ్బాకూ డబ్బాకూ వెంట్రుకవాసి తేడా వస్తుంది, ఇంత లేత రంగులో అది అతుకులా కనిపిస్తుంది. కాబట్టి కావలసినదంతా ఒకేసారి కొని, పెద్ద బకెట్లో కలిపాకే రోలరు ముంచాలని పెయింటరుకు చెప్పాం.