పెరిగిన తీగె, చెక్కిన తీగె

తెలుగున తీగె యనెడి మాట యొక్కటియే పందిరిమీదికి ప్రాకు మల్లెకును, వీణకు కట్టు లోహతంత్రికిని చెల్లుచున్నది. మొదటిది తానై పెరుగును. రెండవదానిని మనుష్యుడు చేయును. కంసాలి బంగారు కడ్డీని కాచి, కమ్మెచ్చు బెజ్జములలో పెద్దదాని తరువాత చిన్నదానిలో దూర్చి లాగుచు, తుదకు వెండ్రుకవంటి తీగెను సాధించును. ఆ విద్య సిలికానునకు పనికిరాదు. బంగారము సాగును, సిలికాను గాజువలె పెళుసు, లాగినచో పుటుక్కున విరుగును. కావున పది నానోమీటర్ల మందముగల, అనగా తలవెండ్రుక వెడల్పులో ఇంచుమించు ఎనిమిదివేలవ వంతుగల, సిలికాను తీగెను ట్రాన్సిస్టరు గర్భమున నిలుపగోరిన వారికి రెండే దారులు మిగిలినవి: లతవలె పెంచుట, లేదా శిల్పివలె చెక్కి తీయుట.

అసలు తీగె యెందులకు? ట్రాన్సిస్టరు మన కాలువ లాకువంటిది. సోర్సు వైపునుండి డ్రెయిను వైపునకు ఎలక్ట్రానులు పారును. నడుమనున్న గేటు ఆ ప్రవాహమును తెరచును, మూయును. చిరకాలము గేటు సిలికాను పలకకు పైభాగమున మాత్రమే కూర్చుండెడిది. కాలువ పొడవుగా నున్నంత కాలము ఆ యొక్క తలుపే చాలినది. పరికరము చిన్నదైనకొలది కాలువ కురుచయై, డ్రెయిను ప్రభావము అడుగు భాగమునుండి సోర్సు దాక వ్యాపింపసాగెను. తలుపు దించినను దాని క్రింది యిసుకలోనుండి నీరు ఊరినట్లు, మూసిన ట్రాన్సిస్టరులోనుండి విద్యుత్తు కారసాగెను. 2011లో ఇంటెల్ సంస్థ తన 22 నానోమీటర్ల తరమునకు ప్రకటించిన రెక్కవంటి కట్టడమున గేటు మూడు వైపుల కమ్ముకొనినది. ఇక మిగిలినది నాలుగవ వైపు. కాలువనే సన్నని తీగెగా మార్చి, పిడికిట పట్టినట్లు చుట్టును గేటును పొదిగినచో, విద్యుత్తు దొంగతనముగా జారిపోవుటకు మూలయే యుండదు. ఈ యూహ క్రొత్తది కాదు. 1988లోనే జపానున తోషిబా సంస్థలో మసువోకా బృందము నిలువు సిలికాను స్తంభము చుట్టును గేటును కట్టి చూపినది. గది వేడిమిలో ప్రవాహమును పదవ వంతునకు తగ్గింప గేటున కనీసము 60 మిల్లీవోల్టుల మార్పు కావలెనను ప్రకృతి నియమమును తీగె యతిక్రమింపలేదు. కాని ఆ హద్దునకు మిక్కిలి సమీపించును. ఈ రంగమున అంతకంటె గొప్ప యోగ్యత లేదు.

పెంచెడి సంప్రదాయమునకు మూలము చిత్రముగా ఒక చీడలో నున్నది. 1948 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు టెలిఫోను పరికరములు అకారణముగా చెడిపోవుట గమనించి, వానిని విప్పి చూడగా, కాడ్మియము పూతనుండి సన్నని లోహపు వెండ్రుకలు మొలిచి, కలియరాని భాగములను కలుపుచుండెను. తగరము పూసి చూచిరి, దానికిని మొలిచినవి. వీనికి మీసములని పేరుపెట్టిరి. ఈ మీసములను పట్టి వంచి చూచిన హెర్రింగ్, గాల్ట్ అనువారు, ఇవి మామూలు తగరముకంటె ఎన్నో రెట్లు దృఢములనియు, లోపములేని స్ఫటికమునకు సిద్ధాంతము చెప్పు బలమునకు సమీపముగా నున్నవనియు 1952లో తెలిపిరి. చీడయనుకొన్నది నిర్దుష్టమైన పదార్థమునకు నమూనాయై కూర్చున్నది.

సిలికాను మీసములు పెంచినవారికి అవి యెందుకు పెరుగునో కొంతకాలము బోధపడలేదు. స్ఫటికము నడుమ మరమేకువంటి మెలియొకటి యుండుననియు, అణువులు ఆ మెలిపై మెట్లుమెట్లుగా చేరుననియు నాటి విశ్వాసము. 1964లో అదే ప్రయోగశాలకు చెందిన వాగ్నర్, ఎల్లిస్ అను నిద్దరు ఆ విశ్వాసమును త్రోసిపుచ్చిరి. తీగెల నడుమ మెలి కానరాలేదు. ప్రతి తీగె కొనను మాత్రము ఒక చిన్న గుండు కనిపించినది. ఆ గుండులో బంగార ముండెను. బంగారము లేనిచోట మీసము మొలవలేదు.

వారి విధానమును కొంచెము నిదానముగా చూడదగును. సిలికాను పలకమీద బంగారపు రేణువు నొకదానిని ఉంచుదురు. బంగారము ఒంటరిగా 1064 డిగ్రీలకును, సిలికాను 1414 డిగ్రీలకును గాని కరుగవు. కాని రెండును తాకి ఏకమైనచో 363 డిగ్రీలకే ద్రవరూపము నొందును. వాగ్నర్, ఎల్లిస్ పలకను 950 డిగ్రీలవరకు వేడిచేసి, హైడ్రోజనుతో సిలికాను టెట్రాక్లోరైడు ఆవిరిని దానిపైకి పంపిరి. ఆవిరిలోని సిలికాను ద్రవబిందువులో ప్రవేశించును. క్లోరిను హైడ్రోజనుతో కలిసి వెడలిపోవును. బిందువు త్రాగగలిగినంత త్రాగి, ఇక పట్టనప్పుడు అడుగునుండి సిలికానును విడిచిపెట్టును. విడిచిన ప్రతి పొర క్రిందనున్న స్ఫటికపు వరుసకు తూచా తప్పక వరుస కలుపుకొనును. అట్లు పొరపై పొర చేరుచుండగా, బిందువు తన క్రింద తానే కట్టుకొనుచున్న స్తంభముపై కూర్చుండి పైపైకి పోవుచుండును. ఆవిరి, ద్రవము, ఘనము అను మూడు దశల పేరనే ఈ పద్ధతిని నేటికిని పిలుచుచున్నారు. లత చిగురు కొననే పెరిగినట్లు ఈ తీగెయు కొననే పెరుగును. దాని లావు బిందువు లావునుబట్టి యుండును.

ఇది నానోమీటర్లలోనికి దిగుటకు మూడు దశాబ్దులకు పైగా పట్టెను. 1998లో హార్వర్డు విశ్వవిద్యాలయమున లీబర్ బృందము, ఇనుము చేర్చిన సిలికాను ముద్దను లేజరు కిరణముతో ఆవిరిచేసి, 6 మొదలు 20 నానోమీటర్ల లావుగల తీగెలను రాశిగా పెంచినది. 2001లో బర్క్‌లీలో యాంగ్ బృందము ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రిందనే జెర్మేనియము తీగెను పెంచి, బంగారు రేణువు కరగుట, ఉబ్బుట, తీగె తల యెత్తుట కన్నులార చూచినది. అప్పటికి ఊహగా నున్న మూడు దశలు ప్రత్యక్షమైనవి.

నాకు ఈ పెరిగిన తీగెమీద పక్షపాత మున్నదని దాచను. అయితే దాని మొండితనమును చెప్పకుండుట న్యాయము కాదు. బిందువు మిక్కిలి చిన్నదైనచో దాని వంపు ఆవిరిని చేరనీయదు. పెరుగుదల మందగించి, ఒక హద్దు దాటినచో నిలిచిపోవును. పది నానోమీటర్లకు లోబడిన సిలికాను తీగె తన జన్మసిద్ధమైన దిశను విడిచి మరియొక దిశకు మరలును. బంగారము ఒక బిందువునుండి తీగె ప్రక్కలమీదుగా ప్రాకి మరియొక బిందువును చేరుననియు, అందువలన ఒక తీగె సన్నగిల్లగా పొరుగుది లావగుననియు 2006లో ఐబీఎం పరిశోధకులు చూపిరి. అంతకంటె పెద్ద దోషము బంగారమే. సిలికానులో చొరబడిన బంగారపు అణువు ప్రవహించు ఎలక్ట్రానులను పట్టి నిలుపును. కావుననే చిప్పుల కర్మాగారములలో దానిని అంటరానిదానివలె చూతురు. వీనినైన సర్దుకొనవచ్చును, సర్దుకొనరానిది స్థానము. నూరుకోట్ల ట్రాన్సిస్టర్లు ఒక గోటిమీద ఇమిడినపుడు ప్రతి తీగెయు నిర్ణీత స్థలమున, నిర్ణీత దిశలో పడవలెను. లత తనకు తోచినవైపు ప్రాకును. పందిరి గుంజలు దానికొరకు కదలవు.

చెక్కువారికి ఈ చిక్కు లేదు. ఎక్కడ కావలెనో అక్కడనే గీసి, మిగిలినది తొలగింతురు. వారి చిక్కు సన్నదనము. కాంతితోగాని ఎలక్ట్రాన్ కిరణముతోగాని గీసిన గీత అంచులు రంపపు పండ్లవలె గరుకుగా నుండును. పది నానోమీటర్ల తీగెకు ఒక నానోమీటరు గరుకు చిన్న దోషము కాదు. దీనికి వారు కనుగొనిన యుపాయము నన్ను నేటికిని మురిపించును. లావుగా చెక్కిన తీగెను ఆక్సిజనులో వేడిచేసినచో పైభాగము ఆక్సైడై, లోపలి సిలికాను తరుగును. వంపు తిరిగిన తీగెపై ఆక్సైడు ఉబ్బుచు తన్నుతాను ఒత్తుకొని, ఆ యొత్తిడివలన లోనికి పోవు ఆక్సిజనుకు త్రోవ యీయదు. తీగె మిక్కిలి సన్నమైన తరువాత దహనము తనంతట తానే నిలిచిపోవును. ఈ ధర్మము నాశ్రయించి అయిదు నానోమీటర్లకు లోబడిన తీగెలు సాధ్యమని 1994లో వెలువడిన పరిశోధనలో చూపబడెను. పిమ్మట ఆమ్లముతో ఆక్సైడును కడిగివేసినచో నునుపైన తీగె వెలికివచ్చును. ఉలి చేయలేని పనిని ఉక్కపోత చేసిపెట్టినది.

ఇట్టి తీగెలో ఎన్ని యణువు లుండునో యొకసారి లెక్కింతము. పది నానోమీటర్ల లావు, ఇరువది నానోమీటర్ల పొడవు గల ముక్కలో సుమారు డెబ్బదియెనిమిదివేల సిలికాను అణువు లుండును. విద్యుత్తు పారుటకు సిలికానులో భాస్వరమో బోరానో కొద్దిగా కలుపుట ఆచారము. ఘన సెంటీమీటరునకు పదివేల కోట్లకోట్లు, అనగా ఒకటి ప్రక్క పదునెనిమిది సున్నలు, అను మామూలు మోతాదున కలిపినచో ఈ ముక్క వంతునకు ఒకటి రెండు అణువులు మాత్రమే వచ్చును. ఒక తీగెకు ఒకటి, పొరుగుదానికి మూడు, వేరొకదానికి శూన్యము: ఇక అన్ని ట్రాన్సిస్టర్లు ఒక్క తీరున నడచుట యెట్లు? ఐర్లండులోని కార్క్ నగరమున టిండాల్ సంస్థలో కోలింజ్ బృందము 2010లో వేరొక త్రోవ తొక్కినది. సోర్సు, కాలువ, డ్రెయిను అను భేదము లేక తీగెనంతయు ఒకే తీరున దట్టముగా కలిపి, దానిని మిక్కిలి సన్నగా చేసి, గేటు పిడికిలితోనే ప్రవాహమును పూర్తిగా పిండివేసిరి. 1920 దశకమున లిలియన్‌ఫెల్డ్ పేటెంటు పత్రములలో వ్రాసి, చేయ సాధనములు లేక విడిచిన యూహకు ఇది దగ్గరి చుట్టము.

తుదకు కర్మాగారమున గెలిచినది చెక్కిన తీగెయే. అదియు మరికొంత వెడల్పై, రిబ్బనువలె పరచుకొని గెలిచినది. ఒంటి తీగె మోయు విద్యుత్తు స్వల్పము గనుక రిబ్బనులను ఒకదానిపై నొకటి పేర్చుదురు. 2022 జూన్ నెలాఖరున దక్షిణ కొరియాకు చెందిన సామ్‌సంగ్ ఈ జాతి ట్రాన్సిస్టర్లతో 3 నానోమీటర్ల తరపు ఉత్పత్తి మొదలైనదని ప్రకటించినది.

కాని ఆ పేర్పు జరుగు విధమును చూచినవారికి గెలుపెవరిదో తేల్చుట కష్టము. సిలికాను పొర నొకదానిని, సిలికాను జెర్మేనియముల కలయికతో మరియొక పొరను, ఇట్లు మార్చి మార్చి ఆవిరినుండి పలకపై పెంచుదురు. పిమ్మట ప్రక్కలు చెక్కి, రెండు కొనలను పట్టి నిలిపి, జెర్మేనియము గల పొరను మాత్రమే కరగించి తీసివేయుదురు. సిలికాను రిబ్బనులు వంతెనలవలె గాలిలో వ్రేలాడును. కడిగిన నీరు ఆరునప్పుడు తడి లాగుడుకు అవి యొకదానినొకటి అంటుకొనకుండ కాపాడుట కూడ ఒక విద్యయే. ఆపై హాఫ్నియము ఆక్సైడును, లోహమును అణువుల పొరలుగా ఆ సందులలోనికి పంపుదురు. రిబ్బను వెడల్పును ఉలి నిర్ణయించినది. మందమును మాత్రము ఆవిరి నిర్ణయించినది. బంగారు గుండు లేదు, కాని పెంపకము మరలి వచ్చినది. అందులకే పనివారి తర్జనభర్జన యంతయు తీసివేయబోవు పొరమీదనే. జెర్మేనియము ఎక్కువైనచో సులభముగా కరగును, కాని దాని యణువు పెద్దది గనుక పొరలు బిగుసుకొని చెదరును. పొర పలుచనైనచో లోహము దూరుటకు చోటుండదు. మందమైనచో ట్రాన్సిస్టరు మందగించును. చిప్పు అంగడికి చేరునప్పటికి ఆ పొర యుండిన చోట ఆక్సైడును, లోహమును మాత్రమే యుండును.